పటానికి పడని దండ

మా శాఖా గ్రంథాలయం వెనక గదిలో, పురికొసతో కట్టిపెట్టిన పాత పేపర్ల మధ్య ఒక అబద్ధం ఉంది. జిల్లా పేజీలో కింది మూలన నాలుగు వాక్యాలు, ఒక ఫొటో. ఇరాక్ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక కుర్రవాడు తమ దేశాధ్యక్షుడి చిత్రపటానికి పూలమాల వేశాడని ఆ వాక్యాలు చెబుతాయి. వేయలేదు. నేను ముందు వరసలో కూర్చుని చూశాను.

ఆ వార్త పక్కన ఒక చీటీ అతికిస్తానని అడిగితే లైబ్రేరియన్ ఒప్పుకోలేదు. గ్రంథాలయం ఆస్తి మీద పాఠకులు రాతలు రాయకూడదు. ఆ నియమం నాకు తెలుసు. పుస్తకాల్లో పెన్సిలు గీతలు గీసేవాళ్లతో నేనే ఎన్నోసార్లు పోట్లాడాను. అందుకే వేరే కాగితాల మీద రాస్తున్నాను. మనిషి నోట్లోంచి వచ్చిన అబద్ధం ఆ మనిషితో పోతుంది. అచ్చులో పడ్డది పోదు. రేపు ఎవరైనా ఆ కట్ట విప్పి, ఆ ఫొటో చూసి, ఆ కుర్రవాణ్ని నమ్మకద్రోహి అనుకోకూడదు. నాకు కావలసింది అంతే.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయంలోనే నేర్చుకున్నాను. అట్టలూడిన విజ్ఞాన సర్వస్వాలు, పాతబడ్డాక మాకు చేరే ఇంగ్లీషు వారపత్రికలు, పక్కన ఒక నిఘంటువు. కొత్తగూడ చౌరస్తాలో నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులవి. నా భర్త ఆ పనులకు ఇసుక ట్రాక్టరు తోలేవాడు. నేను బూత్‌లో కూర్చుని, ఫోన్లు చేసేవాళ్ల మాటలు చెవిన పడకుండా పుస్తకంలో తల దూర్చేదాన్ని. నాలుగు దేశాల సరిహద్దులు తమ కొండల మీదుగా గీయించుకుని, ఏ దేశంలోనూ సొంతవాళ్లు కాలేకపోయిన కుర్దులనే జనం ఉన్నారని నాకు తెలిసింది అక్కడే. గర్వంగానే చెబుతున్నాను.

ఆ కుర్రవాడు మొదటిసారి జర్మనీకి ఫోన్ చేయడానికి వచ్చాడు. లైను కలిసేలోపు మీది ఏ దేశమని అడిగాను. ఇరాక్ అన్నాడు. కుర్దువా అని అడిగాను. అతను రిసీవరు కిందపెట్టి నా వైపు తిరిగాడు. ఈ నగరానికి వచ్చినప్పటినుంచి ఆ మాట తనను ఎవరూ అడగలేదట. ఇరాక్ అనగానే అందరూ చెయ్యి కలిపి, మీ అధ్యక్షుడు మొగోడు భాయ్ అంటారట. ఆ అధ్యక్షుడి బొమ్మ అంటించుకున్న ఆటోల్లోనే అతను రోజూ యూనివర్సిటీకి వెళ్లి వచ్చేవాడు.

తర్వాత మా వెనక గదిలో కిరాయికి దిగాడు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. నన్ను అక్కా అనేవాడు, మా అత్తను అమ్మా అనేవాడు. చదువుతున్నది భూగర్భజలాల గురించి. ఎందుకు ఆ చదువని ఒకరోజు అడిగితే ఊరి సంగతి చెప్పాడు.

వాళ్లది కొండ మీద ఊరు. అతను బడికి పోయే వయసులో సైన్యం వచ్చింది. పక్క లోయలో విషవాయువు గుండ్లు పడ్డాయి. వీళ్ల ఊరిని బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. పోతూ పోతూ ఊరి ఊటబుగ్గ నోట్లో సిమెంటు పోశారు, మళ్లీ ఎవరూ వచ్చి బతకకుండా. జనాన్ని లారీల్లో ఎక్కించి మైదానంలో వరసగా కట్టిన సిమెంటు గదుల్లో దించారు. కొన్నేళ్లకు యుద్ధం, మంచులో కొండలకు పరుగు, మళ్లీ వెనక్కి. సర్కారు పట్టు పోయాక సొంత పార్టీలే రెండుగా చీలి కొట్టుకున్నాయి. ఆ కొట్లాటలో మళ్లీ ఇక్కడివాళ్లు అక్కడికి, అక్కడివాళ్లు ఇక్కడికి. శత్రువు మారాడు గాని నెత్తిమీద మూట మారలేదు. ఇతను మాత్రం బాగ్దాద్‌లో ఉద్యోగం చేసే చిన్నాన్న దగ్గర చదువుకుని, అక్కడి పాస్‌పోర్టు మీద ఇక్కడికి వచ్చాడు. అక్క పెళ్లయి జర్మనీలో ఉంది. అమ్మానాన్నల సంగతులు ఆమె ద్వారానే తెలిసేవి.

ఇప్పుడు ఊళ్లకు తిరిగి వెళ్లేవాళ్లకు సహాయ సంస్థలు సిమెంటూ దూలాలూ ఇస్తున్నాయట. ఇల్లు మాత్రం ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. అమ్మానాన్నలు అప్పటికే కొండెక్కి, కూలిన గోడల పక్కన గుడారం వేసుకున్నారు. తండ్రికి నడుము పనిచేయదు. వచ్చే మంచు పడేలోగా గోడలు లేవకపోతే మళ్లీ మైదానానికి దిగాల్సిందే. కొడుకు వెళ్లాలి. వెళ్లాలంటే గడువు తీరిన పాస్‌పోర్టును ఢిల్లీలోని వాళ్ల దేశ కార్యాలయం పొడిగించాలి. అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఊరిని కూల్చిన ప్రభుత్వమే ఊరికి పోవడానికి అనుమతి ఇవ్వాలి.

మా అత్తది కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టులో మునిగిన ఊరు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గినప్పుడు, తేలిన తన ఇంటి అరుగు చూసుకోవడానికి వెళ్లి వచ్చేది. ఆమె అతన్ని అడిగింది. "మీ ఊరు ఎండకాలం తేలుతదా బిడ్డా?"

"మునగలేదమ్మా. నేలమీదనే ఉంది."

"నేలమీదున్న ఊరికి పోనిస్తలేరా? గిదేం దినం."

రెండూ ఒకటే బాధ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు వేరు, విషం వేరు. కాని ఊరి గురించి ఏం అడగాలో మా అత్తకు తెలుసు. మా పాఠక సంఘం వాళ్లకు తెలియలేదు.

ఆ చలికాలం అమెరికా బాగ్దాద్ మీద మళ్లీ బాంబులు వేసింది. దాన్ని ఖండిస్తూ మా గ్రంథాలయంలో పాఠక సంఘం సభ తలపెట్టింది. సంఘం కార్యదర్శిగారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు అధికారి. మంచి వక్త. మా వీధిలో ఇరాకీ ఒకడున్నాడని తెలిసి ఆయన ఆనందానికి హద్దు లేకపోయింది. పాతబస్తీ నుంచి అధ్యక్షుడి పటం ఒకటి తెప్పించి, ఇతని చేత దానికి దండ వేయించి శాలువా కప్పాలని నిర్ణయించారు. అడగకుండానే ఆహ్వాన పత్రికలో ఇతని పేరు అచ్చువేయించారు. ఒక ప్రతిని ఢిల్లీ కార్యాలయానికి పోస్టు చేశారు.

మన సభల్లో పటానికి దండ వేయకుండా పని మొదలుకాదు. ఎవరి పటం, ఎవరి చేత్తో అన్నది ఎవరూ ఆలోచించరు. ఆహ్వానం చూసి కుర్రవాడు బూత్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వెళ్లకపోతే ఢిల్లీలో పాస్‌పోర్టు ఆగిపోతుంది. వెళ్లి దండ వేస్తే ఏ ముఖంతో కొండెక్కాలి?

ఇంగ్లీషు వారపత్రికలు చంకన పెట్టుకుని నేను కార్యదర్శిగారింటికి వెళ్లాను. బాంబులు తప్పేనని నేనే ముందు అన్నాను. ఆంక్షలతో మందులు లేక పిల్లలు పోతున్నారని నేనూ చదివాను. బాగ్దాద్‌లో చిన్నాన్న కుటుంబం ఉన్నందుకు ఆ కుర్రవాడే రేడియో వదలడం లేదని చెప్పాను. సభ పెట్టండి, నేనూ వస్తాను, కాని ఆ దండ అతని చేత వేయించకండి అన్నాను. విషవాయువు గురించి రాసిన పేజీ తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"మీరు బాగా చదువుతారని నాకు తెలుసండి. కానీ అమెరికావాడు రాసిందంతా నమ్మితే ఎలాగండీ?"

"ఇది మా వెనక గదిలో ఉన్న అబ్బాయి చెప్పిందేనండీ."

"అబ్బాయి చిన్నవాడమ్మా. దేశం పెద్దదండి."

దేశం పెద్దదైతే దాని కిందపడ్డ మనిషి లెక్కలోకి రాడా? ప్రపంచ బాధలన్నిటికీ తీర్మానాలు చేసే పెద్దమనిషి, ఆ బాధ నడిచి తన వీధిలోకి వస్తే దానికి శాలువా కప్పి నోరు మూయిస్తాడు. కాఫీ తాగి వెళ్లమన్నారు. తాగలేదు.

సభ రోజు సాయంత్రం గ్రంథాలయం వరండాలో కుర్చీలు నిండాయి. బల్ల మీద పటం, దాని పక్కన కార్యదర్శిగారు, పళ్లెంలో బంతిపూల దండ. నా పక్కన మా అత్త కూర్చుంది. పటాన్నీ దండనూ చూసి, ఆమె తనకు తెలిసిన లోకరీతిని బట్టి గట్టిగానే అడిగింది. "ఫొటోకు దండేస్తున్నరంటే, ఆయన పోయిండా ఏంది?"

వెనక ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కార్యదర్శిగారు మైకులోనే, తప్పమ్మా, ఆయన నిక్షేపంగా ఉన్నారు అని సర్దిచెప్పారు. కుర్రవాణ్ని పిలిచారు.

అతను లేచాడు. ముందు రోజంతా అన్నం ముట్టని మనిషి. దండ చేతుల్లోకి తీసుకుని పైకెత్తాడు. అప్పుడే ఫ్లాష్ వెలిగింది. విలేకరి కెమెరా కిందికి దించుకుని చాయ్ కోసం వెళ్లిపోయాడు. కుర్రవాడు అలాగే ఒక్క క్షణం నిలబడి, పక్కకు తిరిగి, ఆ దండను కార్యదర్శిగారి మెడలో వేశాడు. వంగి నమస్కరించాడు.

మన దగ్గర సభల్లో వినయం గలవాళ్లు తమ మెడలో పడిన దండను తీసి పెద్దల మెడలో వేస్తారు. వినాయక మండపాల దగ్గర అది చూసి, ఎందుకలా చేస్తారని అతను ఒకసారి నన్ను అడిగాడు. అది గౌరవమనీ, కాదనేవాళ్లు ఉండరనీ చెప్పాను. అంతకుమించి నేను చెప్పింది లేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకున్నది అతను. వరండా అంతా చప్పట్లు. కార్యదర్శిగారి కళ్లు చెమర్చాయి. ఎంత సంస్కారం అండీ అన్నారు. పటం సభ అయ్యేదాకా బోసిగానే ఉంది. ఎవరూ గమనించలేదు. ఆ రాత్రి కుర్రవాడు మా ఇంట్లో కడుపునిండా తిన్నాడు.

తెల్లారి పేపరు వచ్చింది. "చిత్రపటానికి పూలమాల వేసి ఘనంగా నివాళులర్పించారు." ఫొటోలో కుర్రవాడు, ఎత్తిన చేతుల్లో దండ, ఎదురుగా పటం. కార్యదర్శిగారున్న వైపు కత్తిరించేశారు.

విలేకరి మా వీధివాడే. చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. నిలదీస్తే నవ్వాడు. "ఏందక్కా, గిది గింత పెద్ద ముచ్చటనా? మీటింగ్ సాయంత్రం, పేజీ మధ్యాహ్నమే కడ్తరు. కార్యదర్శి సారు పొద్దుగాలనే రాసిచ్చిండు, ఫ్యాక్స్ కొట్టిన. ఫొటోకు జాగ ఇడుస్తరు, అది ఎనుక పంపిన. మేం గిట్లనే రాస్తం."

జరగకముందే రాస్తారా అని అడిగాను. జరిగాక రాస్తే జిల్లా పేజీలో చోటుండదట. సవరణ వేయించమన్నాను.

"సవరణ మంత్రులకేస్తరు అక్కా, కిరాయికున్నోళ్లకు ఏస్తరా? ఫికర్ చేయకు. రేపటికల్లా అది పల్లీల పొట్లమే."

పొట్లం కాలేదు. కార్యదర్శిగారు ఆ వార్త కత్తిరించి, ఈ యువకుడి దేశభక్తి ఇదీ అని ఉత్తరం రాసి ఢిల్లీకి పంపారు. మంచే చేస్తున్నానని ఆయన నమ్మకం. కొన్ని వారాలకు పాస్‌పోర్టు పొడిగించి పంపారు. నగరంలో ఉన్న కొద్దిమంది కుర్దు విద్యార్థులకు తెలుగు రాదు, కాని ఫొటో చూడటానికి భాష అక్కర్లేదు. వాళ్లు ఇతనితో మాటలు మానేశారు. వాళ్లలో ఒకడు ఆ ఫొటోను జర్మనీకి ఫ్యాక్స్ చేశాడు. అది ఇతని అక్కకు చేరింది.

ఆమె మా బూత్‌కు ఫోన్ చేసిన రోజు అతని చేతిలో పాస్‌పోర్టు ఉంది. వాళ్ల భాషలో ఆమె చాలాసేపు మాట్లాడింది. ఇతను ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. ఆఖరికి రిసీవరు నా వైపు చాచాడు. "నాన్న కబురు పంపిండు అక్కా. ఆ దండ ఎత్తిన చేత్తో నా ఇంటికి రాయి ఎత్తొద్దన్నడు. నా మాట నమ్ముతలేరు. నువ్వు చెప్పు."

నా ఇంగ్లీషు కళ్లతో నేర్చుకున్నది. నోటితో ఎప్పుడూ వాడలేదు. అయినా మాట్లాడాను. నేను ముందు వరసలో ఉన్నానని, దండ పటానికి పడలేదని, పక్కనున్న పెద్దాయన మెడలో పడిందని చెప్పాను.

ఫొటోలో పెద్దాయన ఎవరూ లేరందామె. కత్తిరించారన్నాను. ఆమె అడిగింది. "చూసినవాళ్లు ఇంకెవరున్నారు?"

"వరండా నిండా ఉన్నారు."

"అయితే వాళ్లచేత చెప్పించండి. మా నాన్న ఒక్కరి మాట వినడు."

జరిగింది జరిగినట్టు తెలుగులో రాశాను. కింద నా ఇంగ్లీషులో మళ్లీ రాశాను. ఇల్లిల్లూ తిరిగాను. చప్పట్లు కొట్టిన చేతులు సంతకం అనేసరికి ముడుచుకున్నాయి. సరిగ్గా చూడలేదన్నారు. ఫారిన్ గొడవ మనకెందుకమ్మా అన్నారు. ఒక ఉపాధ్యాయుడు, అప్పుడు నేను చెప్పుల కోసం వెతుకుతున్నానన్నాడు. సభ మధ్యలో చెప్పులేమిటని అడిగితే తలుపు వేసుకున్నాడు.

కార్యదర్శిగారి దగ్గరికి చివర వెళ్లాను. దండ ఆయన హాల్లో మేకుకు వేలాడుతోంది, ఎండిపోయి. ఆయన కాగితం చదివారు. ముఖం కొంచెం పాలిపోయింది. ఆ సాయంత్రం జరిగిందేమిటో అప్పుడే అర్థమైందనుకుంటాను. కాని సంతకం చేయలేదు.

"ఆ కటింగ్ వల్లే కదండీ పాస్‌పోర్టు వచ్చింది. ఇప్పుడు ఇదెందుకు? అయినా దండ పటానికి పడ్డా నాకు పడ్డా ఒకటే కదమ్మా."

ఒకటే అయితే సంతకం చేయడానికి అడ్డేమిటని అడిగాను. ఆయన లోపలికి వెళ్లి ఫ్యాన్ వేసుకున్నారు.

చివరికి కొద్ది సంతకాలే పడ్డ ఆ కాగితం కుర్రవాడు తనతో తీసుకుపోలేకపోయాడు. దారి బాగ్దాద్ మీదుగా. సోదాల్లో అది దొరికితే, ఎవరైనా చదివించుకుంటే, కొండ దాకా చేరడు. పేపరు కత్తిరింపు మాత్రం జేబులో పెట్టుకోమని నేనే చెప్పాను. చెక్‌పోస్టుల్లో పనికొస్తుంది. నిజాన్ని నేను రిజిస్టర్ పోస్టులో జర్మనీకి పంపాను. అబద్ధం జేబులో, నిజం పోస్టులో. తన ఊరికి తాను పోవడానికి ఒక మనిషి ఇలా పోవలసి వచ్చింది. దీన్ని పత్రికలు 'స్వచ్ఛందంగా స్వస్థలాలకు' అని రాస్తాయి. ఆ మాట ఎక్కడ కనిపించినా నాకు ఆ జేబు గుర్తొస్తుంది.

వెళ్లే రోజు మా అత్త అతనికి సద్దిమూట కట్టిచ్చి, మీ నాయినతో ఎదురు మాట్లాడకు, పని చెయ్యి అంది.

వానలు మొదలయ్యాక అతని అక్క ఫోన్ చేసింది. చేరాడు. గుడారం పక్కనే గోడలు లేస్తున్నాయి. తోటలో పాతిపెట్టిన మందుపాతరలు ఇంకా తీయలేదు, చెట్ల వైపు ఎవరూ పోరు. ఊటబుగ్గ సిమెంటు పగలగొట్టాడు. నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఊరికి చాలవు. సహాయం ఇచ్చేవాళ్లు ఒకసారి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు.

కాగితం సంగతి అడిగాను. దగ్గరి పట్నానికి తండ్రిని పిలిపించి ఫోన్‌లో చదివి వినిపించిందట. ప్రతి సంతకం దగ్గరా ఆపి, ఆ మనిషి ఏం పని చేస్తారని అడిగాడట. అంతా విని ఏమీ అనలేదు. ఇప్పుడు తండ్రీ కొడుకులు కలిసి రాళ్లు పేరుస్తున్నారు గాని మాట్లాడుకోరు.

పక్కన నిలబడ్డ మా అత్త నా మోచెయ్యి పొడిచింది. "ఒక్క కంచంల తింటున్నరా, అడుగు."

అడిగాను. తింటున్నారంది ఆమె. లైను తెగింది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. తండ్రి నోరు విప్పాడో లేదో నాకు తెలియదు. ఆ రెండు నోళ్ల మధ్య మౌనం ఉన్నంతకాలం, అది మా గ్రంథాలయం వరండాలో పుట్టిన మౌనమని నేను మరిచిపోను. అందుకే ఇంకా కోపం తగ్గలేదు.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. కాని ఇక్కడ ఒక పేరు రాస్తే అది ఇంకో పేరుకు దారి చూపుతుంది. ఆ దారి చివర చెక్‌పోస్టు ఉంది. అందుకని చేసిన పనులతోనే తలుస్తాను. అడగగానే పెన్ను తీసి సంతకం చేసి, ఎందుకని తర్వాత అడిగిన చాయ్ హోటల్ మేస్త్రీకి. చూసిన మాట చూశానని రాసిన కుట్టుమిషన్ అక్కకు. భార్య వద్దంటున్నా సంతకం చేసిన రిటైర్డు కండక్టరు బాబాయికి. చీటీ అతికించనివ్వకపోయినా, చూసింది నేనూ చూశానంటూ సంతకం చేసిన లైబ్రేరియన్‌కు. ఇసుక ట్రాక్టరు ఆపి పోస్టాఫీసుకు తీసుకెళ్లిన నా భర్తకు. బొటనవేలి ముద్ర వేసి, సిరా ఆరేదాకా చెయ్యి గాల్లోనే పట్టుకున్న మా అత్తకు. ఆ దండ గుచ్చి, అది ఎవరి మెడలో పడుతుందో చూడటానికి సభ చివరిదాకా నిలబడి, "నా దండ ఏడ పడ్డదో నాకు తెల్వదా, తే ఇటు" అని కాగితం లాక్కున్న పూలమ్మే పెద్దమ్మకు. వీళ్లందరికీ నా నమస్కారాలు.